కొత్త జోడు కరిచిన చోట

మా అత్తగారు పోయారు.

ఆ కబురు వచ్చేసరికి నేను స్కూల్లో ఉన్నాను. నేను పీఈటీని. ముసురు పట్టి గ్రౌండంతా చిత్తడిగా ఉండటంతో పిల్లల్ని వరండాలో వరసగా నిలబెట్టి ఎక్సర్‌సైజులు చేయిస్తున్నాను. ఫోను మోగింది. మా ఆయన. దుకాణంలో బేరాలు జోరుగా సాగే ఆ వేళప్పుడు ఆయన నాకు ఎప్పుడూ ఫోను చెయ్యరు.

“అమ్మ నిద్ర లేవలేదు” అన్నారు.

“డాక్టరుగారికి కబురు పెట్టారా?”

“వచ్చి చూసి వెళ్ళారు.”

భోజనం చేసి, కాసేపు నడుం వాలుస్తానని లోపలికి వెళ్ళారట. అంతే. ఫోను ఇంకా నా చెవి దగ్గరే ఉంది. ఎదురుగా పిల్లలు చేతులు పైకెత్తి ఉంచి, దించమని నేను ఎప్పుడు చెబుతానా అని చూస్తున్నారు.

నిడదవోలు బజారులో మాది చింతపండు, ఎండుమిర్చి హోల్‌సేల్ కొట్టు. కింద కొట్టు, గోడౌను. పైన ఇల్లు. మామగారు నా పెళ్ళికి చాలా ముందే పోతే, కొడుకు చేతికి అందివచ్చేదాకా కొట్టు నడిపింది అత్తగారే. మిరపకాయ ఘాటుకి ఎరుపెక్కిన కళ్ళు, సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడేవారు. ఊరికి తెలిసింది ఆ మనిషి. నేను రాయబోయేది ఆవిడలోని మరో మనిషి గురించి. మనుషుల్ని ముఖం నుంచి కాక పాదాల నుంచి చూసే మనిషి గురించి.

కాపురానికి వచ్చిన మొదటి వారంలో బంధువుల ఇళ్ళకు తిప్పి తీసుకొచ్చారు నన్ను. పెళ్ళికి కొన్న కొత్త చెప్పులు. మెట్లెక్కి పైకి రాగానే అత్తగారు, “ఇలా కిటికీ పక్కన కూర్చో అమ్మాయ్. చెప్పులు తియ్యి” అన్నారు. ఇదేదో వాళ్ళింటి ఆచారమేమో అనుకుని కూర్చున్నాను. ఆవిడ నేల మీద చతికిలబడి, నా మడమ వెలుగులోకి తిప్పి చూశారు. కొత్త కోడలి కాళ్ళు అత్తగారు పట్టుకోవటమేమిటని నేను సిగ్గుతో ముడుచుకుపోయాను.

“కరిచాయి కదూ?”

“పర్లేదండి. బాగానే ఉంది.”

ఆవిడ తలెత్తి నా ముఖంలోకి చాలాసేపు చూశారు. “బాగానే ఉండటమంటే ఏంటి? ఎక్కడ బాగుంది, ఎక్కడ బాగాలేదు, అది చెప్పు.”

చెప్పేదాకా వదల్లేదు. ఆ సాయంత్రం బొబ్బ మీద కొబ్బరినూనె రాసి, చెప్పుల పట్టీలకు లోపలివైపు కూడా నూనె పట్టించి ఎండ తగిలే చోట పెట్టారు.

మా వీధిలో ఎవరింట్లో కొత్త జోడు కొన్నా ఇదే వరస. జూన్లో బడులు తెరిచాక సాయంత్రాలు కొట్టు ముందు బల్ల మీద కూర్చుని, నల్ల బూట్లతో ఇళ్ళకు పోయే పిల్లల్ని ఆపి మేజోళ్ళు విప్పించేవారు. ఎర్రగా కందిన చోట వేలితో నొక్కి, ఎరుపు ఎంతసేపటికి పోతుందో చూసేవారు. తల్లులు మొదట్లో నవ్వుకున్నారు, తరవాత అలవాటుపడ్డారు. మూటలు మోసే వాళ్ళకు కూడా ఈ తనిఖీ తప్పేది కాదు. ఒక్క మాట మాత్రం ఆవిడ ముందు ఎవరూ అనకూడదు. “నాలుగు రోజులు తొడిగితే అదే అలవాటైపోతుంది లెండి” అని ఎవరైనా అన్నారా, లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. ఆ పూట మళ్ళీ బయటికి వచ్చేవారు కాదు.

ఇంకో సంగతి కూడా ఉండేది. సాయంత్రం బడి విడిచే వేళకి, చేస్తున్న పని ఆపి, మెట్ల వైపు చెవి పెట్టేవారు. కూర తరుగుతుంటే కత్తిపీట మీద చెయ్యి ఆగిపోయేది. మాట్లాడుతుంటే మాట మధ్యలో ఆగిపోయేది.

“ఏంటండీ?” అనేదాన్ని.

“ఏం లేదు” అనేవారు, మళ్ళీ పనిలో పడుతూ.

ఒక ఇంట్లో ఒక మనిషి ఏళ్ళ తరబడి దేనికోసమో వింటూ ఉంటే, పక్కనున్న వాళ్ళకి కూడా చెవులు అటే పోతాయి. కొన్నాళ్ళకి నేనూ ఆ వేళప్పుడు మెట్ల వైపు చూడటం మొదలుపెట్టాను. ఏముందని చూస్తున్నానో తెలియదు. అడగటానికి ధైర్యం చాల్లేదు. నేను ఆ మాట ఎత్తితే చాలు, మా ఆయన కొట్లోకి దిగిపోయేవారు.

ఇక నా బూట్ల సంగతి. గోదావరి జిల్లా ఆడమనిషికి మంచు మీద ఆటలేమిటని మీరు అనుకోవచ్చు. మా వాళ్ళంతా అన్నారు కూడా. మాకు తెలిసిన మంచు రైలు స్టేషన్లో చేపల పెట్టెల మీదదీ, ఎండాకాలం షర్బతు బండి మీదదీ. కానీ ఒక చలికాలం వ్యాయామ ఉపాధ్యాయులకు కాశ్మీరులో స్కీయింగ్ నేర్పుతున్నారని తెలిసి, సెలవు పెట్టి వెళ్ళాను. జారటం, పడటం, లేవటం. ఆ తెల్లటి వాలు మీద ఉన్నన్నాళ్ళూ నా ఒంట్లో ఇదివరకు ఎవరో మూసి ఉంచిన కిటికీ తెరిచినట్టుండేది. బాధల్లా బూట్లతోనే. అక్కడ ఇచ్చినవి ఎందరో తొడిగి విడిచినవి. తిరిగి వచ్చేసరికి రెండు బొటనవేళ్ళ గోళ్ళూ నల్లబడిపోయాయి. కొన్నాళ్ళకి ఊడిపోయాయి.

అత్తగారు దూది పెట్టి కట్టు కడుతూ అడిగారు. “మళ్ళీ వెళ్తావా?”

“వెళ్ళాలనుందండి. ఇంకా పై కోర్సు ఉంది.”

“అయితే నీ జోడు నువ్వు తెప్పించుకో. ఊరందరి కాళ్ళకీ సాగిన బూట్లలో నీ కాలెందుకు దూర్చటం?”

అలా తెప్పించుకున్నాను. కార్తీకమాసంలో వచ్చాయి. అట్టపెట్టె కొట్లోనే విప్పాం, మిరపకాయ బస్తాల మధ్య. స్కీ బూట్లు మీరు చూసి ఉండకపోతే చెబుతాను. పైన రాయిలా గట్టిగా ఉండే ప్లాస్టిక్ డొప్ప ఉంటుంది. దాని లోపల మెత్తటి తొడుగు. ముందు వైపు నాలుగు లోహపు బకిల్స్. పిక్కల దాకా బిగుసుకుంటుంది, చీలమండ ఎటూ వంగదు. ఒక్కో బూటూ చిన్నసైజు రోలంత బరువు. కొట్లో ఉన్నవాళ్ళందరూ చేత్తో ఎత్తి చూశారు. అత్తగారు మాత్రం ముట్టుకోలేదు. బకిల్స్ వైపు ఒకసారి చూసి, చీటీలు రాసుకోవటంలో పడిపోయారు.

మాకు నేర్పిన శిక్షకుడు ఫోనులో చెప్పాడు. కోర్సు మొదలయ్యేలోపు రోజూ కాసేపు ఇంట్లో తొడుక్కుని తిరగాలి, లోపలి తొడుగు కాలి ఆకారానికి వస్తుందని. ఆ సాయంత్రం పై హాల్లో తొడుక్కుని బకిల్స్ బిగించి నిలబడ్డాను. కుడి చీలమండ ఎముక మీద ఎవరో సుత్తి ఆనించి నొక్కుతున్నట్టుంది. అయినా నడిచాను. పీఈటీని కదా. ఓర్చుకోమని పిల్లలకి చెప్పేదాన్ని నేను ఓర్చుకోకపోతే ఎలా? చీలమండ వంగదు కాబట్టి అడుగు ఈడ్చి, ఎత్తి, గట్టిగా వెయ్యాలి. మొజాయిక్ నేల మీద ఒక్కో అడుగూ ఇల్లంతా వినిపించింది.

కింద కొట్లో ఏదో జారిపడిన చప్పుడు. తరవాత మెట్ల మీద అత్తగారి అడుగులు, ఎన్నడూ లేనంత వేగంగా. గుమ్మంలోకి వచ్చి ఆగిపోయారు. ఒక చెయ్యి ద్వారబంధం మీద ఉంది. ఆవిడ నా ముఖం వైపు చూడలేదు. చూపు నా వెనక, నా నడుమంత ఎత్తులో, అక్కడ ఎవరో నిలబడి ఉన్నట్టు నిలిచిపోయింది. తరవాత మెల్లగా నా మీదికి వచ్చింది.

“నువ్వా” అన్నారు. వెనుదిరిగి వెళ్ళిపోయారు. ఆ పూట భోజనానికి లేవలేదు.

మా ఆయన్ని అప్పుడు వదలకుండా అడిగాను. ఆయన కిటికీలోంచి బజారుకేసి చూస్తూ చెప్పారు.

“నాకో అక్క ఉండేది. పోలియో. ఎడమ కాలికి ఇనప కడ్డీలూ బూటూ ఉండేవి. నడిస్తే అచ్చం ఇలాగే చప్పుడయ్యేది. నేను బాగా చిన్నవాణ్ణి. అక్క మొహం కూడా సరిగా గుర్తులేదు. ఆ చప్పుడే గుర్తు.”

అంటే నాకు వదిన కావలసిన పిల్ల ఒకతె ఆ ఇంట్లో ఉండేదన్నమాట. ఇన్నేళ్ళూ గోడ మీద ఫొటో అయినా లేదు.

బూట్లు పెట్టెలో పెట్టేసి అటక మీదికి ఎక్కించాను. కోర్సుకి వెళ్ళకపోతే కొంపేమీ మునగదు అనుకున్నాను. రెండు మూడు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం స్కూలు నుంచి వచ్చేసరికి హాల్లో చాప పరిచి ఉంది. చాప మీద నా బూట్లు పక్కపక్కనే ఉన్నాయి. వాటి ఎదురుగా అత్తగారు గోడకి జేరబడి కూర్చున్నారు.

“ఆపేశావేం?”

“మీకు ఇబ్బందని, అత్తయ్యగారూ.”

“నా ఇబ్బంది చూసుకుని నీ కాలు సంగతి గాలికొదిలేస్తావా? తొడుగు.”

తొడిగాను. లేచి నాలుగడుగులు వేశాను. ప్రతి అడుగుకీ ఆవిడ కళ్ళు మూసుకోవటం చూశాను. అయినా ఆగమనలేదు.

“ఎక్కడ నొప్పి?”

“పెద్దగా ఏం లేదండి, బాగానే—” అని ఆగిపోయాను. ఆవిడ ముఖం చూసి మిగతా మాట మింగేశాను. కూర్చుని, మొదటిసారి, నా కాలిని నేనే నిదానంగా అడిగి చెప్పాను. మడమ దగ్గర బాగుంది. వేళ్ళు ముందుకు తగులుతున్నాయి గానీ మోకాలు వంచితే వెనక్కి వస్తున్నాయి. కుడి చీలమండ లోపలి ఎముక మాత్రం భరించలేను.

ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్ళి పసుపూ సున్నమూ కలిపి పారాణి చేసి తెచ్చారు. పెళ్ళికూతురి పాదాలకు పూసేది. నా చీలమండ ఎముక మీద చిటికెడు చుక్క పెట్టి, తడి ఆరకముందే బూటు తొడిగించి బకిల్స్ బిగించమన్నారు. విప్పి చూస్తే లోపలి తొడుగు మీద ఎర్రటి మరక. “ఇదిగో, ఇక్కడ కరుస్తోంది” అన్నారు. ఈ ఉపాయం ఎక్కడ నేర్చుకున్నారని అడగాలనిపించింది. అడగలేదు.

మా ఆయనేమో పెద్ద సైజుకి మార్పిద్దామన్నారు. శిక్షకుడికి ఫోను చేస్తే అతను వద్దన్నాడు. తొడుగు తీసేసి వట్టి డొప్పలో కాలు పెట్టి, వేళ్ళు ముందుకు తగిలేదాకా జరిపి, మడమ వెనక ఎంత సందుందో చూడమన్నాడు. అత్తగారు నా మడమ వెనకాల తన వేళ్ళు దూర్చి చూశారు. రెండు వేళ్ళు పట్టాయి. “అయితే సైజు సరైనదే” అన్నాడతను. “పెద్దది తీసుకుంటే కాలు లోపల ఆడుతుంది, ఆడుతోందని బిగిస్తారు, బిగిస్తే ఇంకా నొప్పి. కరిచే చోట ప్లాస్టిక్‌ని వేడిచేసి కొంచెం బయటికి ఉబ్బించాలి. మీ దగ్గర చేసేవాళ్ళు ఉంటారా?”

నిడదవోల్లో స్కీ బూటు ఉబ్బించేవాళ్ళు ఎవరుంటారు? నేను ఫోను పెట్టేశాను. అత్తగారు తొడుగు మీది పారాణి మరకని వేలితో తడిమారు.

“రాజమండ్రిలో ఉన్నారు. నాకు తెలుసు” అన్నారు చివరికి. “రేపు వెళ్దాం.”

పాసింజరు రైల్లో వెళ్ళాం. బూట్ల సంచీ సీటు కింద పెడతానంటే ఒప్పుకోలేదు, ఒళ్ళో పెట్టుకున్నారు. కొవ్వూరు వచ్చేదాకా ఒక్క మాట లేదు. కొవ్వూరు దాటుతుండగా, కిటికీ వైపు తిరిగి, నాతో కాదన్నట్టుగా మొదలుపెట్టారు.

“దానికి ఆ ఇనప కడ్డీల కాలిపర్ బూట్లు అక్కడే చేయించాం. చేసినాయన నెమ్మదైన మనిషి. రోజూ సాయంత్రం విప్పి చూడండమ్మా, ఎరుపు పోకుండా ఉంటే మళ్ళీ తీసుకురండి, సరిచేస్తాను అని చెప్పాడు. మొదటిసారి తీసుకెళ్ళాను. పారాణి పెట్టి చూపించింది కూడా అప్పుడే. రెండోసారికి చింతపండు సీజను వచ్చిపడింది. లారీలు దిగుతున్నాయి. రాజమండ్రి అంటే రోజంతా పోతుంది. కొంచెం ఓర్చుకో, అలవాటైపోతుందిలే అమ్మా అన్నాను.”

రైలు బ్రిడ్జి మీదికి ఎక్కింది. ఇనప దూలాల మోతలో మాట వినపడదు. ఆవిడ ఆగిపోయారు. ఆ బ్రిడ్జి ఎంత పొడుగో ఆ రోజే తెలిసింది నాకు. కింద గోదారి నిండుగా, కదలనట్టుగా ఉంది. మోత ఆగాక ఆవిడ మళ్ళీ అందుకున్నారు, మధ్యలో ఏమీ జరగనట్టుగా.

“అది ఏడిచే పిల్ల కాదు. కొన్నాళ్ళకి నేను అడక్కముందే ‘బాగానే ఉందమ్మా’ అనేది. బడి నుంచి వచ్చి మెట్లెక్కుతుంటే చప్పుడు వినేదాన్ని. గబగబా ఎక్కిందంటే బాగున్నట్టే అనుకునేదాన్ని. ఒకరోజు ఒళ్ళు కాలిపోతుంటే బడి వాళ్ళు తీసుకొచ్చి దింపారు. బూటు విప్పాను. చీలమండ మీద పుండు. దాని మీద గుడ్డ చుట్టుకుంది. నా పాత చీర పీలిక. ఎప్పుడు చింపుకుందో, ఎన్నాళ్ళ నుంచి కట్టుకుంటోందో. తిట్టబోయాను. జ్వరం తగ్గాక అడుగుదాంలే అని ఊరుకున్నాను.”

నేను ఆవిడ చెయ్యి పట్టుకున్నాను.

“మెదడువాపు అన్నారు. దానికీ పుండుకీ సంబంధం లేదన్నారు. ఉండదు, నాకూ తెలుసు. ఎందుకు చెప్పలేదే అని అడగటానికి మాత్రం దానికి మళ్ళీ తెలివి రాలేదు.”

రాజమండ్రి స్టేషనులో దిగుతూ కొంగుతో ముఖం తుడుచుకుని, “సంచీ నేనే పట్టుకుంటాను” అన్నారు.

కాలిపర్లు చేసిన ఆ పెద్దాయన లేరు. అదే వీధిలో, అదే చోట ఇప్పుడు మేడ కట్టి కృత్రిమ కాళ్ళూ, పట్టీలూ చేసే సెంటరు నడుపుతున్నారు. చదువుకున్న అమ్మాయి ఒకామె చూస్తోంది. బూటుని అటూ ఇటూ తిప్పి, “ఇలాంటిది నేనెప్పుడూ చెయ్యలేదండి” అంది. పిల్లల కాళ్ళకి ప్లాస్టిక్ పట్టీలు వేడిచేసి వంచుతాం గానీ ఇది వేరే రకంలా ఉందంది. నేను శిక్షకుడికి ఫోను కలిపి ఇచ్చాను. ఇద్దరూ ఇంగ్లీషులో చాలాసేపు మాట్లాడుకున్నారు.

“కొంచెం కొంచెంగా చేస్తానండి. ఒకేసారి వేడిచేస్తే పాడైపోవచ్చు. చాలా టైము పడుతుంది” అంది ఆ అమ్మాయి.

“తొందరేం లేదమ్మా” అన్నారు అత్తగారు. “ఈ రోజంతా ఇక్కడే కూర్చుంటాం. కాకపోతే రేపు కూడా వస్తాం.”

ఆ గదిలో ఒక గోడ పొడుగునా అల్మరా ఉంది. తయారై, తీసుకెళ్ళేవాళ్ళ కోసం ఉంచిన చిన్న చిన్న బూట్లు. అత్తగారు వాటి ముందు నిలబడ్డారు. నేను పక్కకి వెళ్ళబోయి ఆగిపోయాను. ఆవిడ అడిగి ఒకటి చేతిలోకి తీసుకున్నారు. లోపలికి చెయ్యి పోనిచ్చి, మడమ దగ్గర, పక్కల, చీలమండ వచ్చే చోట వేళ్ళతో తడిమారు.

“ఇప్పుడు మెత్తగా వేస్తున్నారు” అన్నారు. దాన్ని తిరిగి దాని జత పక్కన, ముందు ఎలా ఉందో అలాగే సర్ది పెట్టారు.

సాయంత్రానికి నా బూటుకి చీలమండ దగ్గర చిన్న బుడిపెలా వచ్చింది. తొడిగి చూశాను. సుత్తి లేదు. అడుగు వేశాను. ఇంకో అడుగు వేశాను. ఈసారి అత్తగారు కళ్ళు మూసుకోలేదు. నా నడక వైపే చూస్తున్నారు. “ఎలా ఉంది?” అని ఆ అమ్మాయి అడిగితే, నేను నోరు తెరిచేలోపే ఆవిడ అన్నారు. “ఉండమ్మా. కాసేపు తిరగనియ్యి. కాలు చెప్పనీ.”

నేను కాశ్మీరు వెళ్ళే ముందురోజు సాయంత్రం, బడి విడిచే వేళకి, నా దగ్గరికి వచ్చి నిలబడ్డారు. ఏదో అడగాలనీ అడగలేకా ఉన్నారు.

“అమ్మాయ్, అవి తొడుక్కుని ఒక్కసారి మెట్లెక్కగలవా?”

కిందికి వెళ్ళి తొడుక్కున్నాను. గోడ పట్టుకుని ఒక్కో మెట్టూ ఎక్కాను. పైన, చీకటి పడబోతున్న హాల్లో, ఆవిడ నాకు కనిపించని చోట కూర్చున్నారు. నా చప్పుడు ఆ ఇరుకు గోడల మధ్య నాకంటే ముందే పైకి వెళ్తోంది. సగం మెట్ల దగ్గర నాకు ఒళ్ళు జలదరించింది. ఎక్కుతున్నది నేనొక్కదాన్నే కాదనిపించింది. నా పక్కన ఇంకెవరో, నా అడుగుతో అడుగు కలుపుతూ, ఎప్పటినుంచో చెప్పాలనుకున్నది ఈ పూటకైనా చెప్పాలని పైకి వస్తున్నట్టనిపించింది. ఆగలేదు. ఎక్కుతూనే ఉన్నాను. పైకి చేరి ఆగాను.

“నొప్పి ఉందా?” అని అడిగారు. గొంతు నా అత్తగారి గొంతు కాదు. ఎవరో పడుచు తల్లి గొంతు.

ఎవరిని అడుగుతున్నారో నాకు తెలుసు.

“లేదమ్మా” అన్నాను. ఆవిడని నేను అమ్మా అని పిలిచింది ఆ ఒక్కసారే.

ఆ రాత్రి ఇద్దరం పెసరట్లు తిన్నాం.

కోర్సు ఉన్నన్నాళ్ళూ రోజూ ఫోను చేసేవారు. క్షేమసమాచారాలు లేవు, చలి గురించి లేదు. “ఎక్కడ నొప్పి?” అనే మొదటి మాట. ఒకరోజు చలి మరీ ఎక్కువై రెండు జతల మేజోళ్ళు వేసుకున్నాను. సాయంత్రానికి వేళ్ళు మొద్దుబారిపోయాయి. “నొప్పేం లేదండి, అసలు తెలియటమే లేదు” అన్నాను నవ్వుతూ.

ఆవిడ నవ్వలేదు. “నొప్పి పోవటం వేరు, తెలియకపోవటం వేరు. ముందా రెండో జత తీసి అవతల పడెయ్యి. వేళ్ళు రుద్దుకో. నేను ఫోను పెట్టను.” మళ్ళీ వేళ్ళలోకి సూదులు గుచ్చినట్టు నెత్తురు వచ్చేదాకా, వచ్చిందని నేను చెప్పేదాకా, నిజంగానే ఫోను పెట్టలేదు. మర్నాడు శిక్షకుడు కూడా అదే అన్నాడు. పల్చటి మేజోడు ఒక్కటే ఉండాలి, లోపల కాలికి నెత్తురు ఆడాలి, కింది బకిల్స్ వదులుగా, పైవి బిగువుగా పెట్టుకోవాలని.

ఆ తరవాత ఒక పొద్దున పొడుగాటి వాలు మీద కిందికి వస్తూ, సగం దూరం వచ్చాక గమనించాను. అప్పటిదాకా నాకు కాళ్ళు గుర్తుకే రాలేదు.

కోర్సు పూర్తిచేసి ఇంటికి వచ్చాను. సంచీలు దింపకముందే అత్తగారు నన్ను కొట్టు ముందు బల్ల మీద, పట్టపగలు, బజారు మధ్య కూర్చోబెట్టి మేజోళ్ళు విప్పించారు. కళ్ళజోడు పెట్టుకుని, వేలు వేలూ విడదీసి చూశారు. గోళ్ళు చూశారు. కుడి చీలమండ ఎముక మీద బొటనవేలితో నొక్కి, వదిలి, చర్మం తెల్లబడి మళ్ళీ రంగు రావటం చూశారు. మళ్ళీ నొక్కి చూశారు. ఎక్కడా మచ్చ లేదు.

“సరిపోయాయి” అన్నారు.

అని కాలు వదల్లేదు. రెండు చేతుల్తో పాదాన్ని పట్టుకుని, తల వంచుకుని అలాగే ఉండిపోయారు. బేరానికి వచ్చినవాళ్ళు చూస్తున్నారు. మా ఆయన గల్లాపెట్టె దగ్గర నుంచి లేచి నిలబడ్డారు. ఆ చేతుల్లో ఉన్నది నా పాదం కాదు. కదిలిస్తే జారిపోతుందేమోనని నేను కాలు కదల్చలేదు.

ఆ తరవాత ఇంటి గోడ మీదికి ఒక ఫొటో వచ్చింది. రెండు జడలు, గళ్ళ గౌను, ఒక చెయ్యి కుర్చీ వీపు మీద. ఫొటోలో పాదాలు పడలేదు. ఆవిడ మెట్ల వైపు చెవి పెట్టటం మానారని చెప్పలేను. కానీ ఎప్పుడైనా నేను “ఏంటండీ?” అంటే, “ఏం లేదు” అనటం మానేశారు. “అదే” అనేవారు, నాకు తెలుసు కదా అన్నట్టు.

కబురు వచ్చిన ఆ రోజు నేను స్కూలు నుంచి వచ్చేసరికి ఆవిడని హాల్లో దక్షిణం వైపు తల పెట్టి పడుకోబెట్టారు. తలదగ్గర దీపం. బయట ముసురు ఆగలేదు. వచ్చినవాళ్ళ గొడుగుల నీళ్ళు మెట్ల మీద ధారకట్టాయి. మామగారి వరస పెద్దాయన ఒకాయన పాదాల దగ్గర కూర్చుని, కాళ్ళు దగ్గరికి చేర్చి, రెండు బొటనవేళ్ళూ కలిపి తెల్ల దారంతో కడుతున్నారు. అలా కట్టాలి, కడతారు. ఆయన రెండు చుట్లు చుట్టి, ముడి పడటానికి గట్టిగా లాగారు. దారం వేళ్ళలోకి దిగింది.

“మామయ్యగారూ, కొంచెం వదులుగా కట్టండి” అన్నాను.

ఆయన తలెత్తి చూశారు. కోప్పడలేదు. “వదులుగా ఉంటే జారిపోతుందమ్మా. ఇంక ఆవిడకేం తెలుస్తుంది?”

గోడ పక్కన ఉన్న మా ఆయన లేచి వచ్చి పెద్దాయన పక్కన కూర్చున్నారు. తడి చేతులు పంచెకి తుడుచుకుని, ఆ ముడి విప్పటం మొదలుపెట్టారు. బిగిసిపోయిన ముడి. గోటితో పట్టుకుని చాలాసేపు తంటాలుపడ్డారు. విప్పి, మళ్ళీ చుట్టి, తేలిగ్గా, వేళ్ళు ఒకదానికొకటి ఆనుకుని ఉండేటంత మాత్రమే కట్టారు.

దారం వదులైంది. మొదట అది దిగిన చోట, బొటనవేలి మీద సన్నటి గీత పడి ఉంది. నేను వంగి, వేలితో దాని మీద మెల్లగా రాశాను. కాసేపు చూశాను. చర్మానికి రంగు రాలేదు. ఆ గీత అలాగే ఉండిపోయింది.